మనీ ప్లాంట్ చుట్టూ అల్లుకున్న అపోహలు

తులసి కోట లేని ఇంట్లో కూడా కిటికీ పక్కన ఒక మనీ ప్లాంట్ సీసా కనిపిస్తుంది. ఇంతగా మనదైపోయిన ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో ఫ్రెంచ్ పాలినీషియాకు చెందిన మొరెయా దీవి. ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ దీని శాస్త్రీయ నామం. వెచ్చని, తేమగల అడవిలో చెట్లను పట్టుకుని పైకి ఎగబాకే మొక్క ఇది. ఈ సంగతి గుర్తుంటే దీని గురించి చెప్పుకునే మాటల్లో ఏవి నిజమో తేల్చుకోవడం సులువు.

"అడక్కుండా తుంచుకొస్తేనే బతుకుతుంది"

మొక్క బతికేది కణుపు వల్ల. వేరు, కొత్త చిగురు పుట్టేది అక్కడే. కణుపు లేకుండా ఒట్టి ఆకును కాడతో తెచ్చి నీళ్లలో పెడితే ఎన్నాళ్లున్నా అది తీగ కాదు. ఎవరూ చూడకుండా హడావిడిగా తుంచిన ముక్క నలిగి కుళ్లిపోయే ప్రమాదం కూడా ఎక్కువ. పక్కింటివారిని అడగండి. రెండు మూడు కణుపులున్న ఆరోగ్యమైన ముక్కను, కణుపుకు కాస్త కిందుగా శుభ్రమైన కత్తెరతో కోసి ఇస్తారు.

"చీకటి గదిలోనైనా పెరుగుతుంది"

అంత త్వరగా చావదు, నిజమే. కానీ చావకపోవడం వేరు, పెరగడం వేరు. వెలుతురు చాలకపోతే ఆకుల మీది పసుపు మచ్చలు పోయి అంతా పచ్చగా మారుతుంది. కణుపుల మధ్య దూరం పెరిగి తీగ బోసిపోతుంది. అలాగని మే నెలలో పడమటి బాల్కనీలో ఎండకు పెడితే ఆకులు మాడి గోధుమరంగు మచ్చలు పడతాయి. తూర్పు కిటికీ దగ్గర, పొద్దుటి లేత ఎండ సోకే చోటు దీనికి హాయి.

"ఆకు పసుపైతే నీళ్లు చాలలేదని అర్థం"

ఎక్కువసార్లు కారణం దీనికి తలకిందులు. నీళ్లు ఎక్కువై, గాలాడక వేళ్లు కుళ్లుతాయి. అది చూసి ఇంకా నీళ్లు పోస్తాం. ప్రేమతో చంపేయడమంటే ఇదే. కుండీ మట్టిలోకి వేలు రెండు కణుపుల లోతున దించి చూడండి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. నడివేసవిలో రెండు మూడు రోజులకోసారి అడిగే మొక్కే, ముసురు పట్టిన రోజుల్లో వారం దాటినా అడగదు. ఒట్టి ఎర్రమట్టి గట్టిపడుతుంది కాబట్టి కోకోపీట్, వర్మీ కంపోస్ట్ కలపాలి.

"సీసాలో నీళ్లు తగ్గినప్పుడు నింపితే చాలు"

అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. డెంగీని మోసే ఈడిస్ దోమకు ఇంట్లో నిలవున్న కాసిని నీళ్లు చాలు. గుడ్లను నీటిలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయి నెలల తరబడి ఉండగలవు. తగ్గిన నీటిని మళ్లీ పైదాకా నింపామంటే ఆ గుడ్లను చేజేతులా తడిపి పొదిగించినట్టే. మన వాతావరణంలో వారం, పది రోజుల్లో దోమ ఎగురుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో శుక్రవారం డ్రై డేగా పాటించి నిలవ నీళ్లు పారబోయమనడం వెనక లెక్క ఇదే. వారానికోసారి నీళ్లు పూర్తిగా పారబోసి, సీసా లోపలి గోడను బ్రష్‌తో రుద్ది కడగండి. వేళ్లనూ కడగండి. మూతి దగ్గర సందుల్లో దూది కుక్కండి. అంత తీరిక లేకపోతే మట్టి కుండీలోకి మార్చేయడమే మంచిది, మొక్కకూ అదే ఇష్టం. ఒట్టి నీళ్లలో పోషకాలు అంతంతమాత్రమే.

"తీగ కిందికి వేలాడితే డబ్బు నిలవదు"

ఏ దిక్కున పెట్టుకోవాలన్నది ఇంటివారి విశ్వాసం. అయితే వాస్తు పేరుతో చెప్పే ఆగ్నేయ మూల చీకటిగా ఉంటే మొక్క అక్కడ కోలుకోదు. వేలాడటం వల్ల మొక్కకు నష్టం లేదు, ఆకులు మాత్రం చిన్నగా వస్తాయి. అదే తీగ చెట్టును పట్టుకుని ఎక్కిందంటే ఆకు రెండడుగులు దాటి, అంచులు చీలి, వేరే మొక్కేమో అనిపిస్తుంది. పెద్ద ఆకులు కావాలంటే కొబ్బరిపీచు చుట్టిన కర్ర పాతి, దాన్ని తడుపుతూ ఉండండి. వేలాడదీసేవాళ్లు కొసలు కత్తిరించి అదే కుండీలో గుచ్చితే గుబురుగా వస్తుంది.

"గదిలో గాలిని శుభ్రం చేస్తుంది"

ఈ మాటకు ఆధారంగా చూపే, 1989లో నాసా చేసిన అధ్యయనం బిగించిన చిన్న పెట్టెల్లో జరిగింది. మన గదులు అలా ఉండవు. కిటికీల గుండా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 దాకా కావాలని 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. కిటికీ తెరవండి, మొక్కను అందం కోసం పెంచండి.

"ఇంట్లో మొక్కే కదా, ఏ హానీ లేదు"

ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండి, నాలుక, పెదాలు వాస్తాయి. కుక్కలకూ పిల్లులకూ అంతే. పాకే పిల్లలున్న ఇంట్లో తీగ కొస కూడా చేతికి అందకూడదు. నమిలారని తెలిస్తే నోట్లో ముక్కలు తీసేసి, నోరు కడిగి, చల్లటి నీళ్లు పట్టించండి. వాపు పెరిగినా, మింగడానికీ ఊపిరికీ ఇబ్బంది అనిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.