జావా బాగా వచ్చిన వాళ్ళు రెండో లాంగ్వేజ్ ఏది నేర్చుకోవాలి?

నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. "అన్నా, ఆరేళ్ళుగా జావా మీదే ఉన్నా. ఇప్పుడు ఇంకోటి ఏది నేర్చుకోమంటావ్?" ఫ్రెషర్ దగ్గర టైమ్ ఉంటుంది. మీకు ఆఫీసు, ఇల్లు, ఈఎంఐ టెన్షన్ అన్నీ పోగా రోజుకి ఒక గంట మిగిలితే గొప్ప. ఆ గంట ఎక్కడ పెట్టాలి అన్నదే ఇక్కడ అసలు విషయం.

చాలామంది ముందు సి షార్ప్ వైపు చూస్తారు. క్లాసులు, ఇంటర్‌ఫేస్‌లు, గార్బేజ్ కలెక్టర్, అన్నీ తెలిసినవే కదా. మీ ప్రాజెక్టుకి డాట్ నెట్ కావాలంటే నేర్చుకోండి, తప్పులేదు. కానీ అంత ఈజీగా వచ్చేస్తోందంటే, మీ ఆలోచనలో కొత్తగా చేరేది తక్కువ అన్నమాట. డేటా, ఏఐ పని వైపు వెళ్ళాలనుకుంటే మాత్రం ఎక్కువ ఆలోచించొద్దు, పైథాన్ తీసుకోండి. ఆ లైబ్రరీలన్నీ అక్కడే ఉన్నాయి.

బ్యాకెండ్ వాళ్ళకి నేను మొదట చెప్పేది గో. గూగుల్ దీన్ని 2009లో బయటపెట్టింది. కీవర్డ్స్ మొత్తం 25 మాత్రమే. ఇన్‌హెరిటెన్స్ లేదు. ట్రై-క్యాచ్ లేదు, ఎర్రర్ కూడా ఒక మామూలు వాల్యూ లాగా రిటర్న్ అవుతుంది. ప్రతి కాల్ కింద ఎర్రర్ చెక్ రాయాలంటే మొదట్లో విసుగొస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఎక్కడెక్కడ పని చెడిపోవచ్చో కోడ్ లోనే కళ్ళకి కనిపిస్తుంది. డాకర్, కుబర్నెటీస్ రాసింది కూడా గో లోనే. గోరూటీన్స్ ఇంకో ఆకర్షణ. కాకపోతే 2023లో జావా 21తో వర్చువల్ థ్రెడ్స్ వచ్చాయి కాబట్టి ఆ ఒక్కదాని కోసమే మారక్కర్లేదు.

ఇక రస్ట్. 2015లో 1.0 వచ్చింది. గార్బేజ్ కలెక్టర్ లేదు. మరి మెమరీ ఎవరు చూస్తారు? పొలం పట్టా అనుకోండి. ఒక స్ట్రింగ్‌కి ఒక్కడే ఓనర్. దాన్ని వేరే వేరియబుల్‌కి ఇచ్చేస్తే పట్టా మారిపోయినట్టే. పాత పేరుతో మళ్ళీ వాడబోతే కంపైలర్ ఒప్పుకోదు. పొలం చూసి పోవడానికి ఎంతమందైనా రావచ్చు. దున్నేటప్పుడు మాత్రం ఒక్కడే, చూసేవాళ్ళు కూడా ఉండకూడదు. అంటే రెండు థ్రెడ్లు ఒకే లిస్ట్‌ని అడ్డూ అదుపూ లేకుండా మార్చే కోడ్ కంపైలే అవదు. జావాలో అదే తప్పు ప్రొడక్షన్ దాకా వెళ్ళి, రాత్రి రెండింటికి ఫోన్ మోగిస్తుంది! రస్ట్ కొన్నాళ్ళు రాశాక మళ్ళీ జావా తెరిస్తే "ఈ లిస్ట్‌ని ఎవరెవరు మారుస్తున్నారు?" అని చెయ్యి ఆగుతుంది. మీ రస్ట్ ఉద్యోగానికి పనికొచ్చినా రాకపోయినా, ఆ అలవాటు మీకు మిగులుతుంది.

ఎలా మొదలుపెట్టాలి? వేరియబుల్ అంటే ఏంటి అని మొదలయ్యే వీడియోలు మీకు వద్దు. గో కి "ఎ టూర్ ఆఫ్ గో" ఉంది, రస్ట్ కి వాళ్ళ అఫీషియల్ పుస్తకం ఆన్‌లైన్‌లో ఫ్రీ. తర్వాత మీరు ఇదివరకు జావాలో రాసిన చిన్న టూల్ ఒకటి తీసుకోండి. ఉదాహరణకి, లాగ్ ఫైల్ చదివి గంటకి ఎన్ని 500 ఎర్రర్లు వచ్చాయో లెక్కపెట్టేది. దాన్నే కొత్త లాంగ్వేజ్‌లో రాయండి. ప్రాబ్లమ్ మీకు తెలిసిందే కాబట్టి కష్టమంతా లాంగ్వేజ్ మీదే పడుతుంది. ఒకటికి రెండు టూల్స్ అలా పూర్తయ్యాకే రెజ్యూమేలో ఆ పేరు రాయండి. ఇంటర్వ్యూలో "ఎందుకు ఇలా రాశావ్?" అంటే చూపించడానికి మీ కోడ్ ఉంటుంది.