జాబితా పోయింది, జర్నల్‌ను వెతికేదెలా?

‘మూడు రోజుల్లో మీ వ్యాసం వేస్తాం, ఫీజు ఇంత’ అనే మెసేజ్ అందుకోని పీహెచ్‌డీ విద్యార్థి ఉండరేమో. ఇలాంటి జర్నల్స్‌ను వడకట్టడానికి యూజీసీ-కేర్ జాబితా ఉండేది. లోపాలున్నా అదొక ఆధారం. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని నిలిపివేసింది. కొన్ని ప్రమాణాలు సూచించి, ఎంపికను విద్యాసంస్థలకు, పరిశోధకులకే వదిలేసింది. తప్పు జర్నల్‌ను ఎంచుకుంటే డబ్బు పోతుంది, ఏళ్ల శ్రమకూ విలువ దక్కదు.

గూగుల్‌తో మొదలుపెడితే అసలువీ నకిలీవీ కలిసే వస్తాయి. లైబ్రరీ దారి వేరు. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది మన విషయాన్ని ఏ శీర్షిక కింద పెట్టారన్నది. ఉదాహరణకు జానపద గేయాలు. మనకవి సాహిత్యం. డ్యూయీ వర్గీకరణలో మాత్రం జానపదం సంఖ్య 398, అంటే సామాజిక శాస్త్రాల్లో. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలోనైతే భూగోళం, మానవశాస్త్రం, వినోదం అన్నీ కలిసిన ‘జి’ తరగతిలో! సాహిత్యం అరలోనే వెతికేవారికి సగం జర్నల్స్ కంటబడవు.

డైరెక్టరీ ఆఫ్ ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ విషయ విభాగాలు ఈ రెండో పద్ధతినే అనుసరిస్తాయి. 2003లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో మొదలైన ఈ డైరెక్టరీలో ఇప్పుడు 20 వేలకు పైగా జర్నల్స్ ఉన్నాయి. అన్నీ ఉచితంగా చదవొచ్చు. విషయం, భాష, ప్రచురణ ఫీజు ఉందా లేదా అన్న వివరాలతో జల్లెడ పట్టొచ్చు.

చందా కట్టాల్సిన జర్నల్స్ కోసం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ఉంది. మూడేళ్లకు రూ.6,000 కోట్లతో కేంద్రం తెచ్చిన ఈ పథకం కింద 30 ప్రచురణ సంస్థల సుమారు 13 వేల జర్నల్స్ 2025 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. ప్రైవేటు కాలేజీలను మొదటి దశలో చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది చదివేది వాటిలోనే కదా!

పేరు దొరికాక ఐఎస్ఎస్ఎన్ చూసి ఆగిపోవద్దు. ఆ ఎనిమిది అంకెలు బండి నంబరు లాంటివి, ఇంజను సంగతి చెప్పవు. పైగా పేరున్న జర్నల్ నంబరునే నకిలీ వెబ్‌సైట్లు వాడుకుంటాయి. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో నమోదైన వెబ్ చిరునామాతో పోల్చాలి. సంపాదక మండలిలోని ఇద్దరు ముగ్గురి యూనివర్సిటీ పేజీలు తెరిచి, ఆ జర్నల్ పేరు వాళ్లు అక్కడ రాసుకున్నారేమో చూడాలి. ఫీజు కట్టేముందు ఈ పనికి పట్టేది అరగంట.