గ్రహాలు ఒకచోట చేరితే ప్రళయం వస్తుందా?

1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకరరాశిలో ఎనిమిది గ్రహాలు కూడుతాయని పంచాంగాలు ముందే లెక్కకట్టి చెప్పాయి. ఆ లెక్క సరియైనదే. 5వ తేదీ అమావాస్య నాటికి సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని, కేతువు ఆకాశంలో 20 డిగ్రీల లోపుగా చేరారు. చిక్కల్లా ఆ లెక్కకు తగిలించిన ఫలితంతో వచ్చింది. భూకంపాలు పుడతాయనీ, సముద్రాలు పొంగుతాయనీ, ప్రళయమే ముంచుకొస్తుందనీ దేశమంతటా పుకార్లు లేచాయి. ఎన్నోచోట్ల హోమాలు, అఖండ భజనలు సాగాయి. ప్రయాణాలు మానుకొని ఇల్లు కదలనివారూ ఉన్నారు. 6వ తేదీ ఉదయం సూర్యుడు యథాప్రకారం ఉదయించాడు. సరిగా పదిహేను రోజులకు, ఫిబ్రవరి 20న, అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టి క్షేమంగా దిగివచ్చాడు. ఆకాశం మనిషి మీద విరిగి పడలేదు సరిగదా, మనిషే ఆకాశం మీదికి ఎగబ్రాకాడు!

ఇంతకూ గ్రహాలు 'కూడడం' అంటే ఏమిటి? వీధి అరుగుమీద కూర్చొన్నవానికి ఎదుటి వేపకొమ్మ, దాని వెనుక గుడి గోపురం, ఆ వెనుక కొండ ఒకే వరుసలో కనబడవచ్చు. అంతమాత్రాన గోపురం కొండను తాకినట్లు కాదు. అష్టగ్రహ కూటమి సంగతీ అంతే. ఆనాడు చంద్రుడు భూమికి సుమారు నాలుగు లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో, శని 160 కోట్ల కిలోమీటర్లకు పైబడి ఉన్నారు. శుక్రుడు, గురుడు ఇద్దరూ సూర్యునికి అవతలి వైపున ఉన్నారు. ఇక ఎనిమిదవవాడైన కేతువు అసలు గోళమే కాదు. చంద్రుని మార్గమూ సూర్యుని మార్గమూ ఆకాశంలో ఖండించుకొనే రెండు బిందువులలో అది ఒకటి. బిందువుకు బరువు లేదు, ఆకర్షణ లేదు. గ్రహణాల లెక్కకు మాత్రం అది ఎంతో అవసరం. ఆ అమావాస్యనాడే న్యూగినీ ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం కనబడింది.

అయితే ఇక్కడ ఒక మంచి ప్రశ్న పుడుతుంది. ఇంత చిన్న చంద్రుడే సముద్రానికి ఆటుపోట్లు తెస్తున్నాడు కదా. గురుని ద్రవ్యరాశి చంద్రుని ద్రవ్యరాశికి 25,000 రెట్లకు పైన. అటువంటివాడు ఇంకెంత పోటు తేవాలి? దీనికి జవాబు దూరంలో ఉంది. పోటు తెచ్చే బలం దూరపు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. దూరం రెండింతలైతే బలం ఎనిమిదో వంతు, పదింతలైతే వెయ్యో వంతు అవుతుంది. గురుడు భూమికి అతి సమీపంగా వచ్చినప్పుడు కూడా చంద్రునికంటే 1,600 రెట్లు దూరంలో ఉంటాడు. 1,600ను మూడుసార్లు వేసి హెచ్చిస్తే 400 కోట్లు దాటుతుంది. ఆ దూరం ముందు 25,000 రెట్ల బరువు ఏ మూలకు? చంద్రుని బలంలో గురుని వంతు లక్షన్నరవ భాగం కూడా ఉండదు. గ్రహాలలో అందరికన్నా ఎక్కువ పోటు తేగలవాడు మనకు దగ్గరగా వచ్చే శుక్రుడు. చంద్రుడు నీటిని ఒక మీటరు ఎత్తిన చోట శుక్రుడు ఎత్తగలిగేది, అతి సమీపాన ఉన్ననాడు సైతం, తలవెంట్రుక మందానికి మించదు. విశాఖపట్నం రేవులో నావకు లంగరు వేసేవారు చంద్రుని తిథిని చూసుకొంటే చాలు. గురుని కోసం తాడు పొడిగించనక్కరలేదు.

పంచాంగాలు చూసేవారే భయపడ్డారనుకోవడం న్యాయం కాదు. 1974లో జాన్ గ్రిబ్బిన్, స్టీఫెన్ ప్లేజ్‌మన్ అనే ఇద్దరు ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞులు 'ది జూపిటర్ ఎఫెక్ట్' అనే పుస్తకం వ్రాశారు. 1982లో గ్రహాలన్నీ సూర్యునికి ఒకే వైపున చేరతాయనీ, అందువల్ల సూర్యునిలో అలజడి రేగి, దాని ప్రభావంతో కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం రావచ్చుననీ అందులో వాదించారు. 1982 మార్చి 10వ తేదీ అందరూ ఊపిరి బిగబట్టిన రోజు. ఆ రోజూ మామూలుగానే గడిచిపోయింది. గ్రిబ్బిన్ తరువాత ఆ వాదాన్ని వదులుకొన్నాడు. జోస్యం చెప్పినవారి పట్టాలు ఎటువంటివైనా, లెక్కకు నిలవని జోస్యం నిలవదు.

చిత్రమేమంటే, 1982 భయానికి కారణమైన ఆ గ్రహస్థితే శాస్త్రజ్ఞులకు మహాప్రసాదమైంది. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ ఇంచుమించు ఒకే వైపునకు రావడం సుమారు 175 ఏళ్లకు ఒకసారి జరుగుతుంది. అటువంటి అవకాశం త్వరలో రానున్నదని 1965లో గ్యారీ ఫ్లాండ్రో అనే పరిశోధక విద్యార్థి గుర్తించాడు. ఒక గ్రహానికి దగ్గరగా పోయే నౌకను ఆ గ్రహం తన ఆకర్షణతో వంచి, తన పరుగులో కొంత వేగాన్ని దానికి పంచి, వడిసెలలోని రాయి వలె ముందుకు విసురుతుంది. సరియైన వరుసలో ఉంటే ఒక గ్రహం విసిరిన నౌకను తరువాతి గ్రహం అందుకొంటుంది. వాయేజర్-2 నౌక 1977 ఆగస్టు 20న బయలుదేరి, 1979లో గురుని, 1981లో శనిని, 1986లో యురేనస్‌ను, 1989లో నెప్ట్యూన్‌ను దర్శించింది. ఈ విసురులు లేకుంటే నెప్ట్యూన్‌కు సుమారు 30 ఏళ్లు పట్టేది. అది 12 ఏళ్లలో చేరింది. జనం భూకంపం కోసం ఎదురుచూసిన 1982 మార్చి 10న వాయేజర్-2 శనిని దాటి, నిశ్చింతగా యురేనస్ దారిలో సాగిపోతున్నది.

గురుని ఆకర్షణ అక్కడా ఇక్కడా ఒక్కటే. చేరువగా పోయిన నౌకను అది సౌరమండలం అంచులకు విసరగలదు. కోట్ల కిలోమీటర్ల దూరాన మన వాకిట చెంబులోని నీటిని కదిలించలేదు.

ఇకముందు కూడా గ్రహాలు చేరువగా కనబడుతూనే ఉంటాయి, పుకార్లూ లేస్తూనే ఉంటాయి. 2040 సెప్టెంబరు 8 సాయంకాలం బుధ, శుక్ర, కుజ, గురు, శని గ్రహాలు ఐదూ పది డిగ్రీల లోపు చేరతాయి. అంటే చాచిన చేతి పిడికిలి వెడల్పన్నమాట. 1962 నాటి కూటమి సూర్యుని కాంతిలో మునిగి ఎవరికీ సరిగా కనబడలేదు. ఈసారి సూర్యాస్తమయం కాగానే పశ్చిమాన, సన్నని నెలవంకతో సహా చూడవచ్చు. ఆ సాయంత్రం తలుపులు బిగించుకోకుండా, పడమటి దిక్కున చెట్టూ మేడా అడ్డులేని మేడమీదికో చెరువుగట్టుమీదికో పిల్లలను వెంటబెట్టుకొని పోవాలి. గ్రహాలు దిగంతానికి దగ్గరగా ఉంటాయి గనుక ఆలస్యం చేయరాదు.