ఇంటి కష్టమునకు బీమా

గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో కాయలేరు స్త్రీ కాన్పునకై ఇంట నిలిచినను, జబ్బుపడిన తల్లి మంచము వద్ద కూర్చుండినను, ఆనాటి కూలి పోవును. ఇక ఇల్లు గడచుటెట్లు?

ఈ ప్రశ్నకు సగము సమాధానము మనకు లభించియే యున్నది. 1948 నాటి చట్టముతో ఏర్పడిన ఇ.ఎస్.ఐ. పథకమున కార్మికుడును యజమానియు ఒక నిధికి చందా చెల్లింతురు. 2019 జూలై నుండి నూరు రూపాయల జీతమునకు కార్మికుని వంతు 75 పైసలు, యజమాని వంతు 3 రూపాయల 25 పైసలు. ఆ నిధి నుండి మొదటి రెండు కాన్పులకు 26 వారముల పూర్తి వేతనము ముట్టును.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమైతే ఈ వేతనమును యజమానిపైననే మోపినది. భారమంతయు ఒక్కనిదైనచో స్త్రీలకు పని యిచ్చుటకే అతడు జంకవచ్చును. నిధి యున్నచో భారము పదుగురికి పంచబడును.

కాని తల్లిదండ్రుల జబ్బునకు సేవచేయు దినములకు ఇ.ఎస్.ఐ. వేతనమీయదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2002లో శాసనము చేసి, 2004 నుండి కార్మికుల చందాలతోనే అట్టి సెలవునకు కొంత వేతనము నిచ్చుచున్నది.

మరి స్థిరమైన యజమాని లేని రోజుకూలికి చందా కట్టువారెవరు? అభ్రకపు గనులను ఎరిగిన గూడూరు సీమకు ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1946 నాటి చట్టము ఎగుమతియగు అభ్రకముపై సుంకము విధించి, గని కార్మికుల సంక్షేమమునకు నిధి నేర్పరచినది. ఆ సుంకము నేడు లేదు. అయినను, సరకుపైననే కొద్ది పైసలు కూడబెట్టు ఆ మార్గము నిమ్మకాయల బస్తాకును వర్తింపకపోదు.