విడువని తాళము

మన గంగారము వంటి యడవిపట్టున నేడు బ్యాంకు లెక్కకును, దూరమందున్న బిడ్డలతో మాటాడుటకును చేతిలోని ఫోనే యాధారము. అది యొక్కొక్కప్పుడు ఏమి నొక్కినను పలుకక నిలిచిపోవును. అందులకు కారణములు పెక్కు. వానిలో గూఢమైన దానినొకదానిని నేడు విన్నవించెదను.

ఆండ్రాయిడు ఫోనుల లోపల లినక్సు అను కెర్నలు కలదు. కెర్నలనగా యంత్రమునంతను నడపు మూలవ్యవస్థ. దీనిని 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ తొలుత వెలువరించెను.

యంత్రమునకు జ్ఞాపకస్థానములు రెండు. ఒకటి వేగము గలది, చిన్నది. ఇంటిలోని గాదె వంటిది. రెండవది మందమైనది, పెద్దది. పెరటిలోని పాతర వంటిది. సరకు పుటలుగ నుండును; సాధారణముగ పుటకు 4096 బైట్లు. ప్రోగ్రాము కోరిన పుట గాదెలో లేనిచో ప్రాసెసరు దానిని నిలిపి కెర్నలును పిలుచును. దీనికే పేజి ఫాల్టని పేరు. ఫాల్టన్నను ఇది దోషము గాదు, నిత్యకృత్యమే. 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున పనికి వచ్చిన అట్లాసు యంత్రమునందు ఈ పద్ధతి మొదట నెలకొనెను.

పుటను తెచ్చుటకు ముందు కెర్నలు, ఏ భాగము దేనికి చెందునో తెలుపు పట్టికను చూడవలెను. చూచునప్పుడు మరియొకరు దానిని మార్చరాదు గనుక తాళము పుచ్చుకొనును. పూర్వము పట్వారి పహాణీని తలచుకొనుడు. చదువువారు పలువురు కూడి చూడవచ్చును. దిద్దువాడు మాత్రము ఒంటరిగ నుండవలెను. ఇచటను అదే నియమము.

ఇప్పుడొకడు చదువుటకు తాళము గొని విడువక వెడలెననుకొనుడు. దిద్దువాడు వాకిట నిలుచును. అతడు వేచియుండుటచేత తరువాత వచ్చు చదువరులును నిలిచిపోవుదురు. ఏ ప్రోగ్రాములు నడుచుచున్నవో చూపుమని యడుగు ఆజ్ఞ సయితము ఆ పట్టికకడకే పోయి తానును చిక్కుకొనవచ్చును. రోగమును చూడవచ్చిన వైద్యునికే రోగము సోకినట్లగును.

ఈ పొరపాటు తఱచుగ రాజమార్గమున జరుగదు. పని సఫలమైనచో తాళము విడుచుట వ్రాసియే యుండును. పుట దొరకనప్పుడో, చోటు చాలనప్పుడో నడుమనుండి మరలు సందుదారిలో దానిని మఱతురు. మరియొక చిక్కు కలదు. పాతరనుండి పుట వచ్చువఱకు వేచియుండవలసినచో కెర్నలు తానే తాళము విడిచి, "మరల ప్రయత్నింపుము" అని తెలుపును. ఇది గ్రహింపక పిలిచినవాడు రెండవమారు విడిచినను ప్రమాదమే.

చికిత్సకు ముందు నిదానము వలయును గదా! వాకిట నిలిచినవాడు బాధితుడే గాని దోషి గాడు. దోషి యెప్పుడో వెడలిపోయెను. 120 సెకండ్లు కదలక వేచిన పనిని లినక్సు చూపగలదుగాని, అది సాధారణముగ బాధితుని పేరే. 2006లో ఇంగో మోల్నార్ లాక్‌డెప్ అను పరీక్షకుని చేర్చెను. ఎవరు, ఎచట, ఏ తాళమును గొనిరో అది లెక్క వ్రాయును. కెర్నలునుండి ప్రోగ్రామునకు మరలునప్పుడు తాళమింకను చేతనున్నచో వెంటనే చాటును. ఈ లెక్కవలన వేగము తగ్గును గావున పరీక్షించునప్పుడే దీనిని వాడుదురు.

పిదప శోధకుడు తాళము గొన్న చోటునుండి బయలుదేరి, మరలు ప్రతి దారిని వ్రేలుపెట్టి చదువవలెను. దారులన్నియు నొకే ద్వారమున వెడలునట్లును, అచటనే తాళము విడుచునట్లును కూర్చుట పాతమందు. 2023 నుండి, పని ముగియగనే తాళము తనంత తానే విడుచు ఏర్పాటును లినక్సులో కలదు. ఆ యేటనే పట్టికకంతకు గల తాళముతోపాటు భాగమునకొక తాళమును పెట్టిరి. దానిచే రద్దీ తగ్గెను. కాని విడువవలసిన తాళములు హెచ్చెను. కావున జాగరూకతయు హెచ్చవలసినదే.

మన యుమ్మడి సొమ్మునకు లెక్క చూచునప్పుడును ఇదియే తెఱగు. పని నెఱవేఱిననాడు తాళపుచెవి యెల్లరును తిరిగి యిత్తురు. పని చెడిననాడు ఎవరి చేతనున్నదని యడుగుటయే పరీక్ష.