డాబా మీద చేపలుంటే.. మందు పంపు మెట్లెక్కదు!

మిర్చి, పత్తి సీజన్‌లో మా వైపు సాయంత్రమైతే గాలితోపాటు మందు వాసన కూడా ఊళ్లోకి వస్తుంది. చేనికి కొట్టిన పంపులో కాస్త మిగిలితే పెరట్లో వంగ మొక్కలకీ కొట్టేయడం మామూలే. చిలకలూరిపేట దగ్గర మా ఇంట్లోనూ అదే పద్ధతి ఉండేది. ఇప్పుడు మా డాబా మీద తోటకూర, పాలకూర, గోంగూర, నాలుగు వంగ మొక్కలు పెరుగుతున్నాయి. వాటికి మందు కొట్టే ప్రశ్నే లేదు. ఎందుకంటే వాటి పక్క తొట్టిలో చేపలున్నాయి!

అసలేంటిది?

దీని పేరు ఆక్వాపోనిక్స్. చేపలు మేత తింటాయి. వాటి విసర్జనతో నీళ్లలో అమ్మోనియా చేరుతుంది. అది ఎక్కువైతే చేపలకే విషం. అందుకే ఆ నీటిని చిన్న మోటారుతో, కంకర నింపిన మొక్కల తొట్టిలోకి పంపిస్తాం. కంకరను పట్టుకుని బతికే బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ మొక్కలకి భోజనం. అవి తినేశాక నీళ్లు మళ్లీ చేపల దగ్గరికే వస్తాయి. ఆవిరైనంత, మొక్కలు తాగినంత పోస్తే చాలు.

మంచినీళ్లకి కటకటలాడే కరీబియన్ దీవుల్లో, వర్జిన్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రాకోసీ బృందం 1980ల నుంచి దీన్ని తిలాపియా చేపలతో ఓ పద్ధతికి తెచ్చింది.

చేపలే కాపలా

1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి రైతుల్ని తెల్లదోమ ముంచేసింది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు పదేపదే కొట్టడం అందుకు ఒక ముఖ్య కారణం. 2021లో మిర్చి మీద నల్ల తామరపురుగు పడినప్పుడూ డబ్బాల మీద డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఆ పైరిథ్రాయిడ్లు చాలా తక్కువ మోతాదులోనే చేపల్ని చంపేస్తాయి. పక్క చేలోంచి గాలికి వచ్చే తుంపర కూడా ప్రమాదమే. అందుకే చుట్టుపక్కల మందు కొడుతున్నారంటే మేం తొట్టి మీద పట్టా కప్పేస్తాం.

"ఏందిరా, చేపలు పెంచుతావా, కూరగాయలు పెంచుతావా?" అని మొదట్లో నాన్న నవ్వాడు. ఓ రోజు వంగ ఆకుల మీద పురుగు చూసి, "కొంచెం కొట్టనా?" అన్నాడు. "చేపలు చస్తాయి నాన్నా" అన్నా. ఇంకో మాట లేకుండా పంపు కిందే పెట్టేశాడు. ఎన్నేళ్లుగానో అమ్మ చెబుతున్నా జరగని పని అది!

మరి పురుగొస్తే? చేత్తో ఏరేస్తాం. పసుపు జిగురు అట్టలు కడతాం. ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొడతాం. వేపనూనె కూడా నీళ్లలో పడనివ్వం.

మన రాళ్లు, మన ఎండ

పిడుగురాళ్ల వైపు దొరికేది సున్నపురాయి. దాన్ని తొట్టిలో వేస్తే పీహెచ్ పెరిగిపోతుంది. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. చీమకుర్తి వైపు దొరికే గ్రానైట్ లాంటి రాయి కంకరైతే ఈ గొడవ లేదు.

ఇక ఎండ. రెంటచింతల పేరు వింటేనే చెమట పడుతుంది కదా! 20 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల్లో 7కి పడిపోతుంది. కాబట్టి తొట్టికి నీడ ఉండాలి. గాలి మోటారుకి ఇన్వర్టర్ ఉండాలి. చేపలు కిక్కిరిసి ఉంటే, కరెంటు పోయాక కొన్ని గంటల్లోనే చచ్చిపోవచ్చు.

అందుకే నేను కొరమీను ఎంచుకున్నా. అది పైకొచ్చి గాలి పీల్చుకోగలదు. అయితే ఒకే సైజు పిల్లలే వేయాలి, లేకపోతే పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఎగిరి బయటపడకుండా పైన వల తప్పనిసరి. తిలాపియా అయితే మన దేశంలో పెంచడానికి అనుమతులు కావాలి.

మొదలుపెట్టాలంటే..

* 500 లీటర్ల తొట్టికి 20 చేపలు చాలు.
* కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒకటి రెండు రోజులు ఎండలో నిలవ ఉంచండి.
* బ్యాక్టీరియా స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్ కొనండి. రెండూ సున్నాకి దగ్గరయ్యాకే చేపల సంఖ్య పెంచండి.
* పది నిమిషాల్లో తినేంత మేతే వేయండి. మిగిలితే అదీ అమ్మోనియానే.
* ముందు ఆకుకూరలు, తర్వాతే టమాటా, వంగ.
* లేత ఆకులు పసుపు రంగుకి తిరిగితే ఇనుము తక్కువైనట్టు. చీలేటెడ్ ఐరన్ కొద్దిగా కలపాలి.

డబ్బులు మిగులుతాయా అంటే, మిగలవు. మేత, కరెంటు లెక్కేస్తే బజారు తోటకూరే చవక. కానీ మా పళ్లెంలోకి వచ్చే ఆకు మీద ఏం కొట్టారో మాకు తెలుసు. ఏమీ కొట్టలేదు!

మీకూ పెట్టాలనిపిస్తే ముందు ఓ గుప్పెడు కంకర తెచ్చి నిమ్మకాయ పిండి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, వెనక్కిచ్చేయండి. రాకపోతే తొట్టి కొనుక్కోండి.