కోనోకార్పస్ కొట్టేసినా మళ్లీ చిగురిస్తోందా? అసలు తప్పు ఎక్కడ జరుగుతోందంటే..

కూలీని పిలిపించారు. గొడ్డలితో నరికించారు. కొమ్మలన్నీ ట్రాలీ ఆటో ఎక్కించి పంపేశారు. పీడ విరగడైంది అనుకున్నారు. కానీ నెల తిరక్కుండానే అదే మోడు చుట్టూ గుత్తులు గుత్తులుగా పచ్చటి చిగుళ్లు! ఒక్క కాండం ఉన్నచోట ఇప్పుడు పది కొమ్మలు. కోనోకార్పస్ పెంచిన చాలా ఇళ్లలో ఇదే సీన్.

కొట్టడం తప్పు కాదు. కొట్టి అలాగే వదిలేయడమే తప్పు. మరి ఇది మళ్లీ మొలవకుండా ఉండాలంటే ఏం చేయాలి? రీల్స్‌లో చూపించే ఉప్పు, యాసిడ్ చిట్కాలు పనిచేస్తాయా? వివరంగా చూద్దాం.

ఇంటి ముందుకు ఎలా వచ్చింది?

కోనోకార్పస్ మన దేశపు మొక్క కాదు. ఇందులో ఒక రకం అమెరికా ఖండాల ఉష్ణమండల తీరాల్లో, ఇంకో రకం సోమాలియా, యెమెన్ వైపు సహజంగా పెరుగుతుంది. నీళ్లు తక్కువైనా బతుకుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. అందుకే రోడ్ల డివైడర్ల మీద, కాలనీల్లో, ఇళ్ల కాంపౌండ్ వాల్ వెంబడి విపరీతంగా నాటేశారు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. వేర్లు డ్రైనేజీ పైపుల్లోకి, కేబుళ్లలోకి వెళ్తున్నాయని, పుప్పొడితో అలర్జీ వస్తోందని జనం అన్నారు. దీన్ని ఇక నాటొద్దని తెలంగాణలో 2022లో, గుజరాత్‌లో 2023లో ప్రభుత్వాలు ఆదేశాలిచ్చాయి. హాని ఎంత అన్న విషయంలో శాస్త్రవేత్తల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయితే గోడ పక్కనే, సెప్టిక్ ట్యాంక్ పక్కనే ఉన్న మొక్క విషయంలో ఇంటివాళ్ల టెన్షన్ మాత్రం నిజమే.

నరికినా ఎందుకు చావదు?

ఆకులు తయారు చేసిన ఆహారంలో కొంత భాగాన్ని మొక్క వేర్లలో, మొదట్లో దాచుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే అది దాని బ్యాంక్ బ్యాలెన్స్. పైభాగం నరికేస్తే మోడు మీద నిద్రపోతున్న మొగ్గలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఆ బ్యాలెన్స్ ఖర్చుపెట్టి కొత్త చిగుళ్లు వేస్తాయి. ఆ చిగుళ్లు ఆకులుగా విచ్చుకున్నాయంటే మళ్లీ డిపాజిట్లు మొదలైనట్టే. మూడు నెలలకోసారి కత్తిరిస్తూ పోతే మనం దాన్ని చంపడం లేదు, పెంచుతున్నాం!

ఇక్కడ ఇంకో విషయం తెలియాలి. అన్ని మొక్కలూ ఒకేలా మొలవవు. పెరట్లో కరివేపాకు చెట్టునే చూడండి. రెండు మూడు అడుగుల అవతల కూడా వేరు మీద నుంచి పిలకలు వస్తాయి. కోనోకార్పస్ ప్రధానంగా మోడు నుంచి, దాని మొదలు దగ్గర నుంచి చిగురిస్తుంది. సర్కారు తుమ్మ కూడా అంతే. భూమిలో అడుగు లోతు వరకు ఉండే మొదటి భాగం మిగిలిందంటే మళ్లీ లేస్తుంది. అంటే మనకు కావాల్సింది చివరి వేరు దాకా తవ్వడం కాదు. మొదలు మొత్తం బయటికి తీయడం. మొదలు పోయాక లోపల మిగిలిన వేర్లు మెల్లగా కుళ్లిపోతాయి.

పద్ధతి 1: మొదలు తవ్వి తీయడం

చోటు ఉంటే ఇదే బెస్ట్. ముందుగా కరెంట్ వైరు, నీళ్ల పైపు, డ్రైనేజీ లైన్ ఎటు వెళ్తున్నాయో చూసుకోండి. గడ్డపార దిగాక చూసుకుంటే లాభం లేదు. ముందు రోజు సాయంత్రం మొదట్లో బాగా నీళ్లు పోయండి, లేదా వాన పడ్డాక పని పెట్టుకోండి. మట్టి మెత్తబడుతుంది.

- ముందు కొమ్మలు మాత్రమే కొట్టండి. కాండాన్ని రెండు మూడు అడుగులు ఉంచండి. తర్వాత పట్టుకుని ఊపడానికి అదే పనికొస్తుంది. చాలామంది నేల మట్టానికి నరికేసి ఇక్కడే ఇబ్బంది పడతారు.
- కాండం చుట్టూ అడుగు, అడుగున్నర దూరంలో గుండ్రంగా తవ్వండి. అడ్డం వచ్చిన పక్క వేర్లను గొడ్డలితోనో రంపంతోనో తెంచండి.
- కాండాన్ని నాలుగు వైపులా ఊపండి. ఎటు గట్టిగా పట్టుకుందో అటు కిందున్న వేరును కోయండి.
- మొదలు బయటికొచ్చాక గుంతలో మిగిలిన లావు వేర్లను అందినంత వరకు లాగేయండి.
- గుంతను మట్టితో నింపి గట్టిగా దిమ్మిస చేయండి. గోడ పక్కన గుంత వదిలేస్తే వాన నీళ్లు పునాదిలోకి దిగుతాయి.

గోడకు ఆనుకుని ఉన్న పెద్ద చెట్టును జేసీబీతో లాగించొద్దు. వేర్లు పునాది కింద ఉంటే మోడుతో పాటు గోడ కూడా కదులుతుంది.

పద్ధతి 2: ఆకలితో చంపడం

గోడ అడ్డం ఉంది, టైల్స్ వేసేశారు, తవ్వే వీల్లేదు. అప్పుడేంటి? వీలైనంత కిందికి కోసేయండి. ఇక అసలు పని ఓపికతోనే. వారం పది రోజులకోసారి మోడును చూడండి. చిగురు కనపడగానే, ఆకు విచ్చుకోకముందే, మొదలంటా పీకేయండి. కత్తిరిస్తే కింద మిగిలిన ముక్క నుంచి మళ్లీ రెండు వస్తాయి. మధ్యలో మోడును మందపాటి నల్ల టార్పాలిన్‌తో కప్పి, మీద రాళ్లు పెడితే వెలుతురు అందదు.

ప్రతిసారీ మొక్క తన బ్యాలెన్స్‌లోంచే ఖర్చుపెడుతుంది. డిపాజిట్ మాత్రం ఉండదు. చిగుళ్లు సన్నబడతాయి, తగ్గుతాయి, చివరికి ఆగిపోతాయి. ఇది నెలల పని, ముదురు మోడు అయితే ఏడాది దాటొచ్చు. వానాకాలంలో ఓ నెల ఊరెళ్లి వదిలేశారంటే చాలావరకు కథ మళ్లీ మొదటికొస్తుంది. జాగ్రత్త!

ఉప్పు, యాసిడ్, కిరోసిన్.. వద్దే వద్దు

మోడుకు రంధ్రాలు పెట్టి ఉప్పు నింపితే చాలంటూ వీడియోలు తిరుగుతుంటాయి. వేర్లను చంపేంత ఉప్పు పోస్తే అది అక్కడే ఆగదు. వాన నీళ్లతో పక్కకు పాకి మందారాన్నీ, కరివేపాకునూ కూడా ఎండబెడుతుంది. మట్టి పాడవుతుంది. బాత్రూమ్ యాసిడ్ చల్లితే మీ చేతులకు, కళ్లకు ప్రమాదం. కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్, మైలుతుత్తం మట్టిలోకి దిగితే పక్కనున్న బావి, బోరు నీళ్లకు ముప్పు. ఆ నీళ్లు తాగేది మన పిల్లలే. ఇక ఇంగువ పెడితే చెట్టు చచ్చిపోతుందని పెద్దవాళ్లు అంటుంటారు. దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

మరి కలుపు మందు? కోసిన వెంటనే, బెరడు కింద ఉండే పచ్చి వలయానికి మందు పూస్తే అది వేర్లలోకి వెళ్తుంది. ఆలస్యం చేస్తే కోసిన చోటు ఆరిపోయి మందు సరిగా ఎక్కదు. సూత్రం ఇదే. అయితే ఇందుకు ఎక్కువగా వినిపించే గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి షాపులో అడిగి తెచ్చుకుని సొంతంగా పూయొద్దు. తప్పదనుకుంటే లైసెన్స్ ఉన్నవాళ్లనే పిలవండి.

ఈ మూడు మర్చిపోవద్దు

ఒకటి: పైపు. బాగున్న పైపును వేరు సాధారణంగా పగలగొట్టదు. లీకయ్యే జాయింట్ దగ్గర తడి దొరికితే సన్నగా లోపలికి దూరి, అక్కడ లావవుతుంది. మొక్క తీసేసి జాయింట్ బాగు చేయకపోతే రేపు ఇంకో చెట్టు వేరు వస్తుంది. రెండు పనులూ కలిపే చేయించండి.

రెండు: కొట్టిన కొమ్మలు. కోనోకార్పస్ కొమ్మ ముక్కల నుంచి కూడా మొలుస్తుంది. నర్సరీల్లో పెంచేది కూడా ఇలాగే. పచ్చి కొమ్మలను తడి నేలలో కంచెగా పాతొద్దు. ఎండలో బాగా ఎండనిచ్చి పారేయండి.

మూడు: అనుమతి. చెట్లు కొట్టడానికి వాల్టా చట్టం, 2002 వర్తిస్తుంది. గుబురుగా ఉన్న చిన్న మొక్క కాకుండా చెట్టంత అయి ఉంటే, ముందు మున్సిపాలిటీలోనో అటవీ శాఖ ఆఫీసులోనో అడగండి. రోడ్డు మీద, పార్కులో ఉన్నవాటిని మనంతట మనం ముట్టుకోకూడదు.

చివరిగా.. తీసేసిన చోటు ఖాళీగా ఉంచొద్దు. రెండు మూడు నెలలు చూసి, చిగుళ్లు రావడం లేదని తేలాక నందివర్ధనమో, మందారమో పెట్టుకోండి. గోడకు, పైపుకు కాస్త దూరంగా నాటండి. ఈసారి గడ్డపారతో పని పడదు.